జానెడూ బెత్తెడూ

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. ఫ్యాక్టరీలో వేడివేడిగా బయటపడ్డప్పుడు నా ఒంటిమీద ఒక్క చిల్లూ లేదు. మురుగు మొయ్యడానికే పుట్టాననుకున్నాను. దివిసీమలో నాంచారయ్య, భ్రమరాంబ అనే భార్యాభర్తలు నన్ను కొని, నాకు వరసగా చిల్లులు పొడిచి, చిల్లుకో పాలకూర మొక్కను కూర్చోబెట్టారు. మట్టి లేదు. ఎరువు కలిపిన నీళ్ళు నా కడుపులో పారాలి, వేళ్ళు తాగాలి. అంతే సేద్యం.

చిల్లుల దగ్గరే తగువొచ్చింది. ఒక కొస నుంచి ఆయన జానెడుకొక గుర్తు పెట్టుకొస్తే, రెండో కొస నుంచి ఆవిడ బెత్తెడుకొకటి పెట్టుకొచ్చింది. నడుమ కలుసుకున్నాకే చూసుకున్నారు.

“బెత్తెడుకొకటా? మొక్కలకి ఊపిరాడొద్దా?”

“ఉప్పునీళ్ళకి ఏ మొక్కయినా గిడసబారుద్ది. గిడసదానికి అంత చోటెందుకయ్యా?”

చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక వాళ్ళ బోరు ఉప్పుతేలింది. ఆ చెరువులు ఎవరివో కావు, భ్రమరాంబ అన్న కోటేశువి. మిగిలిన ఈ ఒక్క చేనుచెక్కా తనకే కావాలన్నాడు. నాంచారయ్య నోరు జారి పందెం కాశాడు. కోతనాడు ఒక్క గొట్టం కూరతో గంప నిండకపోతే చేను చెరువుకే! ఒకసారి చెరువైన నేల మళ్ళీ చేను కాదు.

“ఉప్పేసి కూర వండుతారు గానీ, ఉప్పునీళ్ళలో పండిస్తారటే చెల్లాయ్!” అని కోటేశు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఎండలు ముదిరాయి. కాలవ కట్టేశారు. బోరునీళ్ళలో కలపడానికి మంచినీళ్ళు లేవు. భ్రమరాంబ పళ్ళు బిగించి ఉప్పునీళ్ళనే నాలోకి వదిలింది. మధ్యాహ్నానికి మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. జానెడు వైపు ఎండ నా వీపుమీదే పడి లోపలి నీళ్ళు కాగాయి. బెత్తెడు వైపు మాత్రం ఆకూ ఆకూ ఆనుకుని నాకు గొడుగు పట్టాయి.

కోతనాడు కోటేశు తెచ్చిన పొక్లెయిన్ చేనిగట్టు ఎక్కింది. ఇంజను ఆపలేదు. దాని గుడగుడకు నాలో నీళ్ళు వణికాయి.

ముందు నాంచారయ్య వైపు కోశారు. గంప అడుగు కనబడుతూనే ఉంది. కోటేశు చెయ్యెత్తాడు. పొక్లెయిన్ తొండం లేచింది.

“ఆగన్నయ్యా! గొట్టానికి రెండు కొసలుంటాయి.”

భ్రమరాంబ తలెత్తకుండా కోసుకొచ్చింది. పొట్టి మొక్కలే. కానీ ఎన్ని! సగం... ముప్పాతిక... అంచు. ఆఖరి చిల్లు దాటేసరికి గంప మీద కూర గోపురం కట్టింది.

“అడుగున గడ్డి పెట్టానేమో, చెయ్యి పెట్టి చూసుకో.”

కోటేశు చెయ్యి పెట్టాడు. మెత్తగా దిగిపోయింది, అడుగుదాకా కూరే. ఒక ఆకు తుంచి నమిలాడు.

“ఉప్పుందే దీన్లో!”

“అయితే వదినను వండేటప్పుడు తక్కువెయ్యమను.”

తొండం దిగింది. ఇంజను ఆగింది. డ్రైవరు ఒక కట్ట అడిగి పట్టుకుపోయాడు.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. ఎండకు పెళుసెక్కాను. నా జానెడు సగాన్ని నిలువునా చీల్చి కోళ్ళకు తొట్టి చేశారు. బెత్తెడు సగం పాకలో ఉంది. కొత్త గొట్టం వచ్చినప్పుడల్లా నాంచారయ్య నన్ను దాని పక్కన పడుకోబెట్టి గుర్తులు పెడతాడు. ఎవరైనా అడిగితే “ఇది నా కొలత” అంటాడు.

భ్రమరాంబ బెత్తెడు చెయ్యి నా మీద ఆనించి, ఒకసారి సరిచూసుకుని వెళ్ళిపోతుంది.