గేటు దాటిన వేరు

ఆదివారం పొద్దున్నే వైండింగ్ మేస్త్రి గోనెసంచీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. వారంలో ఆరు రోజులు కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టడం అతని పని. ఏడో రోజు చెట్లది. జనం కంచె కత్తిరించి పారేసిన కొమ్మలు, నర్సరీ వాళ్ళు వెనక గోడవారన పడేసిన వంకర మొక్కలు, ఎవరో పెకలించిన మోడులు, ఏదైనా సరే ఆ సంచీలోకి వెళ్ళాల్సిందే. పెరుగు డబ్బాల అడుగున చిల్లులు పొడిచి వాటిలో నాటేవాడు. పాత మోటార్లలోంచి ఊడదీసిన రాగి తీగ కాలి కాలి మెత్తబడి ఉంటుంది, కొమ్మలు వంచడానికి అంతకన్నా మంచిది లేదు. డాబా మీద మూడొందల మరుగుజ్జు చెట్లున్నాయి. ఒక్కటీ కొన్నది కాదు. "చెట్టు కొనుక్కునేవాడికి చెట్టెందుకయ్యా, ఫొటో కొనుక్కోమను," అనేవాడు.

నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే. "ముందు లావెక్కనివ్వండి. నేలలో పెట్టి మూడు నాలుగేళ్ళు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. కాండం బలిశాక అప్పుడు పొట్టి చేసుకోవచ్చు. తొందరపడి పళ్ళెంలో పెట్టారో, జన్మంతా పెన్సిల్‌లాగే ఉంటుంది."

ఆ పాఠం అతను ఒక్క చెట్టు విషయంలోనే తప్పాడు.

కూతురు పుట్టిన రోజు ఆసుపత్రి ప్రహరీ మీంచి వాలిన దానిమ్మ కొమ్మ ఒకటి విరిచి తెచ్చి పెరుగు డబ్బాలో గుచ్చాడు. కొమ్మ బతికింది. దాని వేళ్ళు ఎంత మేర పారితే ఆ పిల్ల అంత మేర తిరిగేది. పిల్లకి మూడేళ్ళప్పుడు తల్లి బజారుకని వెళ్ళి మళ్ళీ రాలేదు, వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకుంది. ఆ వారమే మేస్త్రి దానిమ్మని డబ్బాలోంచి తీసి, వేళ్ళు కత్తిరించి, అరచేతంత పింగాణీ పళ్ళెంలో కూర్చోబెట్టాడు. అప్పట్నించీ ఏటా కోస్తూనే ఉన్నాడు.

వేళ్ళు కోసిన వారం కూతురు పాల బూత్ దాటి మలుపు తిరిగేది. తిరగ్గానే ఎదురుగా తన ఇంటి గేటే ఉండేది. నెలలు గడిచి వేళ్ళు కాస్త పారేకొద్దీ వీధులు ఒక్కొక్కటే తెరుచుకునేవి. ఏడాది చివరికి రైలు గేటు దాకా వెళ్ళగలిగేది, అంతే. బస్సు కండక్టర్‌కి ఇదంతా అలవాటే. బస్సు మలుపు తిరిగేసరికి ఆమె కూర్చున్న సీటు ఖాళీ అయ్యేది. చేతిసంచీ మాత్రం సీటు మీదే ఉండేది. మర్నాడు దాన్ని తిరిగిస్తూ, "మీ నాన్న వేళ్ళు కోశాడా అమ్మా? ముందే ఒక మాట చెప్పొచ్చుగా," అని విసుక్కునేవాడు.

ఆమె రైలు గేటుకి ఇవతల, కట్టుడు పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పనిచేసేది. మైనంతో పన్ను చెక్కిందంటే, చూసినవాళ్ళు తమ పళ్ళన్నీ ఉన్నాయో లేదో నాలికతో తడుముకోవాల్సిందే. ఆ చెయ్యి తండ్రిదే. ఆమెకి ఇరవై ఆరేళ్ళు నిండిన ఏడు రేవు పట్నంలోని పెద్ద ల్యాబు వాళ్ళు ఆమె పని చూసి రమ్మన్నారు. రైల్లో మూడు గంటల దూరం.

"నాన్నా, ఈ ఏడు వేళ్ళు కొయ్యకు," అంది భోజనాల దగ్గర.

"కొయ్యకపోతే చెట్టు చస్తుంది."

"పళ్ళెంలో ఉంటే చస్తుంది. నేలలో పెట్టు."

"నేలలో పెడితే నువ్వు పోతావు."

"పోతాను. ఉద్యోగానికి. మళ్ళీ వస్తాను."

"మీ అమ్మా వస్తాననే వెళ్ళింది," అని మేస్త్రి కంచం ముందునుంచి లేచిపోయాడు. కూతురంటే అతనికి ప్రాణం, కూతురు పోతుందంటే భయం. ఇరవై మూడేళ్ళుగా ఆ రెండూ కలగాపులగం అయిపోయి, ఏది ఏదో అతనికే తెలిసేది కాదు.

ఆ నెలలోనే చెట్ల ప్రదర్శన జరిగింది. పూత బాగుంది కదా అని మేస్త్రి దానిమ్మని కూడా పట్టుకెళ్ళి పెట్టాడు. న్యాయనిర్ణేతగా వచ్చిన ముసలావిడ దాని ముందు ఆగింది.

"ఎన్నేళ్ళది?"

"ఇరవై ఆరు."

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఇరవై ఆరేళ్ళకి చిటికెనవేలంత కాండమా? ఎదగకముందే కుదించేశారు. కొత్తవాళ్ళు చేసే తప్పు ఇది. మీరెలా చేశారు మేస్త్రిగారూ?"

చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది అతని శిష్యులే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది అతని పని. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

మర్నాడు తెల్లారగానే పెరట్లో గొయ్యి తవ్వాడు. అడుగున చదునైన బండపలక పరిచాడు. పలక ఉంటే వేళ్ళు లోతుకి పోకుండా పక్కలకి పారతాయి, రేపు పెకలించడం తేలిక. దానిమ్మని దాని మీద కూర్చోబెట్టి మట్టి కప్పాడు.

"మూడేళ్ళు," అన్నాడు కూతురి మొహం చూడకుండా. "కాండం మణికట్టంత అయ్యాక తీసేస్తాను. అప్పటికి నువ్వు ఇంట్లో ఉండాలి."

ఆమె తలూపింది. వారం తిరిగేసరికి రైలు గేటు దాటింది. నెల తిరిగేసరికి పెట్టె సర్దుకుని రైలెక్కింది. ఆ పూటంతా మేస్త్రి వీధి గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆమె గేటు దగ్గర ప్రత్యక్షం కాలేదు.

చెట్టు పిచ్చిగా ఎదిగింది. మొదట్లో కూతురు నెలకోసారి వచ్చేది, తర్వాత పండక్కీ పబ్బానికీ, ఆ తర్వాత ఫోన్లే. ల్యాబు పైగదిలోనే ఉంటోంది. సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద మైళ్ళకొద్దీ నడుస్తున్నానని చెప్పేది. మేస్త్రి ఊఁ కొడుతూ, రెండో చేత్తో కాండం మందం కొలుచుకునేవాడు. మూడేళ్ళు నిండేసరికి కాండం మణికట్టు దాటింది. అంత అందమైన మొదలు అతని చేతుల్లో ఎప్పుడూ తయారవలేదు. కూతురు వచ్చే ఆదివారం వస్తానంది. అతని చెయ్యి అప్పటిదాకా ఆగలేకపోయింది. చుట్టూ మట్టి తీసి చూద్దాం, అంతే కదా అనుకున్నాడు. తీశాక రంపం తెచ్చాడు.

మూడు వేళ్ళు కోసేసరికి ఫోను మోగింది.

"నాన్నా, నీ చేతిలో రంపం ఉందా?"

"ఎందుకూ?"

"బీచ్ రోడ్డు పోయింది. స్టేషన్ దారి తప్ప, ల్యాబు మెట్లు దిగి ఎటు తిరిగినా మళ్ళీ ల్యాబు మెట్లే వస్తున్నాయి. ఎన్ని కోశావు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు, నోరు రాలేదు. "మూడు."

"ఇంకెన్నున్నాయి?"

"ఒకటే. లావుది. పలక దాటి గేటు వైపు పోయింది."

ఇన్నేళ్ళూ అతను కోసినప్పుడల్లా ఆమె ఇంట్లోనే ఉంది. దూరాన ఉండగా ఆఖరి వేరు తెగితే మనిషి ఏమవుతుందో ఇద్దరికీ తెలీదు.

"నువ్వు వచ్చెయ్ తల్లీ. ఈ ఒక్క దారీ ఉందిగా. నువ్వొచ్చాకే దీన్ని ముట్టుకుంటాను."

"వస్తే మళ్ళీ పళ్ళెంలోకే కదా నాన్నా?"

మేస్త్రి రంపానికి అంటిన మట్టి తుడిచాడు.

"నువ్వే రా. ఆ వేరు ఎటు పోయిందో చూసుకుంటూ రా."

రంపం, తాపీ చేతిసంచీలో పడేసుకుని మేస్త్రి బయల్దేరాడు. వేరు గేటు కిందుగా వీధిలోకి వెళ్ళింది. అక్కడక్కడ తాపీతో గీకి చూసుకుంటూ నడిచాడు. జనం బళ్ళు పక్కకి జరిపి దారిచ్చారు. "ఎటు పోతోంది మేస్త్రీ?" అని ఇస్త్రీ కొట్టు అతను అడిగితే, "రైలు గేటు వైపే," అన్నాడు. గేటు దగ్గర అది పట్టాల పక్కకి మళ్ళింది. అక్కణ్ణించి స్టేషన్‌కి నడిచి, రైలెక్కి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పట్టాల వెంబడే మట్టి సన్నగా ఉబ్బి, ఎక్కడా తెగకుండా మూడు గంటలూ తోడొచ్చింది.

ఎండ వాలేవేళకి ల్యాబు చేరాడు. కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర పగిలిన సిమెంటులోంచి జానెడు పిలక, ఎర్రటి లేతాకులతో. మేస్త్రి పలకరించడం కూడా మర్చిపోయి గొంతుక్కూర్చుని మట్టి గీకాడు. తెల్లగా, దారాల్లాగా, పిలకకి సొంత వేళ్ళు పడి ఉన్నాయి.

"ఇక్కడ తల్లివేరు తెంపినా ఇది బతుకుతుంది," అన్నాడు.

"తెంపకపోతే?"

"తెంపకపోయినా బతుకుతుంది. కానీ ఆ కొస నా పెరట్లో ఉంటుందమ్మా. నా చెయ్యి ఊరుకోదు. నిన్ను అడక్కుండానే ఇవాళ మూడు కోశాను." మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. కూతురి ముందు ఏడవడం అదే మొదలు.

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "తెంపితే నేను ఇంటికి రాగలనా?"

"ఇప్పుడు రాలేవు. దీని వేళ్ళు పారినంత మేరే. అది ఇరవై ఆరేళ్ళ చెట్టు కాబట్టి నెలలో ఇంత దూరం పారింది, ఇది పసిది. పలక లేదు, పళ్ళెం లేదు, పారుతుందిలే. పదేళ్ళో, పన్నెండేళ్ళో పడుతుంది." అతనికి అరవై ఆరు దాటాయి. ఆ లెక్క ఇద్దరూ వేసుకున్నారు.

"కొయ్యి నాన్నా."

కోశాడు. వీధిలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఆమె లేచి, వీధి చివరిదాకా నడిచి మలుపు తిరిగింది. తిరిగిన క్షణానే ఇటు చివరి మలుపులోంచి వస్తూ కనిపించింది. మేస్త్రి మెట్టు పట్టుకున్నాడు. ఆమె మాత్రం నవ్వుతోంది.

"మందుల షాపు దాకా ఉంది నాన్నా. ఈ ఏటికి చాలు."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. పొద్దున్న వెళ్ళేముందు పిలక చుట్టూ పాదు చేస్తూ, ఎవరికైనా చెప్పే మాటే చెప్పాడు. "నీళ్ళు మానకు. తడి ఎటుంటే వేళ్ళు అటు పోతాయి."

రైలు మొదటి స్టేషన్లో ఆగింది. మేస్త్రి దిగి, కొళాయి దగ్గర సీసా నింపుకుని, ప్లాట్‌ఫారం చివర పట్టాల పక్కన ఒంగి నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా? బండి కదుల్తోంది!" గార్డు అరిచాడు.

"మా అమ్మాయి రావాలి బాబూ, ఒక్క నిమిషం," అంటూ సీసా ఖాళీ అయ్యేదాకా పోసి, పరిగెత్తి రైలెక్కాడు. ఇంటిదాకా ఇంకా పదమూడు స్టేషన్లున్నాయి. ప్రతి స్టేషన్లోనూ దిగాడు.