మూఢంలో పుట్టిన వెబ్‌సైటు

నేను ఒక వెబ్‌సైటును. పట్టుకుందామంటే చేతికి దొరకను, పడేద్దామంటే చెత్తబుట్టలో ఇమడను. నా ఒళ్లు ఎక్కడో ఎవరిదో అద్దె కంప్యూటరులో ఉంటుందట. అది ఏ ఊరో, ఆ గదికి సరిగ్గా తాళం వేస్తున్నారో లేదో, వానకు కప్పు కారుతోందో ఏమో నాకు తెలియదు. ఎలుకొచ్చి తీగ కొరికితే నా గతేమిటని పుట్టిన రోజు నుంచీ ఒకటే బెంగ. నవ్వకండి. మీ ఒళ్లు మీ కళ్లముందే ఉంది కాబట్టి మీకు ధైర్యం.

నేను పుట్టింది మండపేటలో, బస్టాండు వెనక వీధిలో ఉన్న ఒక పరుపుల కొట్టు కోసం. బూరుగు దూదితో పరుపులు, దిండ్లు కుట్టే కొట్టు అది. భర్త పోయిన దగ్గర నుంచి నూకరత్నం గారే నడుపుతున్నారు. ఆవిడ కూతురు హారిక ఊళ్లోనే ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతుంది. రెండేళ్ల కిందట కొట్టుకు ఎదురుగా స్పాంజి పరుపుల షోరూము వెలిసింది. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, పరుపు మీద పడుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. జనం చెప్పులు విప్పి మరీ లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. మా కొట్టులో దూది గాలికి ఎగరడం తప్ప కదలికే లేదు.

ఆ షోరూము సత్తిరాజు గారు పెద్దమనిషి. "చెల్లెమ్మా, ఎప్పుడన్నా కొట్టు తీసేద్దామనుకుంటే ముందు నాకే చెప్పాలి సుమా. గోడౌను చేసుకుంటాను" అని ఎంతో ఆప్యాయంగా అడుగుతుండేవారు. నూకరత్నం గారు ఒకరోజు విసిగి మాట ఇచ్చేశారు. "మా పిల్ల వెబ్‌సైటు పెడదాం అంటందండి. ఒక్క ఏడాది చూత్తాను. పైఊరి నుంచి బేరం రాకపోతే కొట్టు మీకే."

అంటే ఏమిటన్నమాట? నేనింకా పుట్టకుండానే నా నెత్తిన ఒక కొట్టు, ఒక ఇంటి బతుకు పెట్టేశారు. ఏడాదిలో నేను ఎవరికైనా కనపడాలి. కనపడకపోతే కొట్టూ పోతుంది, నేనూ పోతాను.

నన్ను కట్టింది గోవిందు. పెళ్లి కార్డులు వేసే డీటీపీ సెంటరు అతనిది. మూడు రోజుల్లో కట్టేశాడు. నా మొదటి పేజీ నుదుటిన ఏ కొట్టో, ఏ ఊరో, ఏం అమ్ముతారో రాయాల్సిన చోట 'హోమ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నూకరత్నం గారి మామగారి ఫోటో ఒకటి, పూలదండతో సహా, ఉన్నదున్నట్టుగా నా నెత్తిన ఎక్కించాడు. ఆ ఫోటో ఎంత బరువంటే, నా తలుపు తెరుచుకునేలోగా వచ్చినవాళ్లు టీ తాగి రావచ్చు.

మూడో రోజున నూకరత్నం గారు చూడటానికి వచ్చారు.

"ఎప్పుడు మొదలవుద్ది గోవిందూ?"

"మొదలైపోయిందండి. ఇప్పుడే."

ఆవిడ చప్పున తెరకు అడ్డంగా నిలబడ్డారు. "ఓరి నాయనోయ్, మూఢం కదరా! మూఢంలో ఎవడన్నా కొత్త పని మొదలెడతాడా? రేపు దూదికి నిప్పంటుకుంటే ఎవడిదిరా పూచీ? పిల్లకి జొరం వత్తే?"

"కంగారు పడకండండి. మూఢం వెళ్లేదాకా ఎవరికీ కనపడకుండా దాచేద్దాం."

"దాచెయ్యి. ఈగక్కూడా కనపడకూడదు."

నా లోపల ఎక్కడో ఒక చిన్న గడి ఉంది. 'వెతికే యంత్రాలు ఈ సైటును చూపరాదు' అని దాని పక్కన రాసి ఉంటుంది. గోవిందు అందులో ఒక టిక్కు పెట్టాడు. అంతే, నాకు తెర వేసేశారు.

మీకు తెలుసో లేదో, వెతికే యంత్రం ఊరికే కూర్చోదు. దానికి ఒక కనపడని సాలీడు ఉంటుంది. లోకంలో ఉన్న వెబ్‌సైట్ల గుమ్మాలన్నీ తిరిగి, లోపల ఏముందో చదివి, తన పెద్ద పుస్తకంలో రాసుకుంటుంది. ఎవరైనా ఏదైనా అడిగితే ఆ పుస్తకం చూసే జవాబు చెబుతుంది. ఆ సాలీడు రెండో వారంలోనే నా గుమ్మానికి వచ్చింది. టిక్కు చూసింది. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయింది. వద్దంటే ఆగే మర్యాద దానికి ఉంది. ఆ మాటకొస్తే మనుషుల్లో చుట్టాలకే లేదు.

మూఢం వెళ్లింది. ఫాల్గుణ దశమినాడు నాకు ప్రారంభోత్సవం చేశారు. ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. అక్షింతలు కీబోర్డు సందుల్లో పడ్డాయి. చుట్టాలందరికీ వాట్సాప్‌లో నా అడ్రసు పంపారు. నొక్కగానే నేను వచ్చాను, అదే, మామగారి బరువు మోసుకుంటూ మెల్లగా వచ్చాను.

"వచ్చింది వదినా! చక్కగా కనపడతంది!" అని ఏలేశ్వరం నుంచి ఆడపడుచు ఫోను.

చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి, ఇల్లు సులువుగా దొరికిందా అని అడిగితే ఎవరైనా ఏమంటారు? అందరూ దొరికిందనే అన్నారు. పేరు తెలియనివాడు, దారి తెలియనివాడు వెతికి చూశాడా అన్నది ఎవరికీ తట్టలేదు. ఆ హడావిడిలో టిక్కు తీయడం గోవిందు మరిచిపోయాడు. పదిహేను రోజుల తర్వాత హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోను నంబరు కూడా మార్చేశాడు.

చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం. ఒక్క పురుగు రాలేదు. నూకరత్నం గారు రోజూ పొద్దున్నే నన్ను తెరిచి, నాకు ఏమీ కాలేదు కదా అని చూసి మూసేవారు. దొంగలెవరో ఆర్డర్లు మధ్యలోనే కాజేస్తున్నారని ఒక వారం, ఎవరో చేతబడి చేశారని ఇంకో వారం అనుమానం. నేను కూడా అదే వరసలో బెంగపడుతుండేదాన్ని.

అప్పుడు వచ్చాడు ప్రసన్నకుమార్. 'మొదటి పేజీ గ్యారంటీ' అని విజిటింగ్ కార్డు. వచ్చీ రాగానే నన్ను చూసి పెదవి విరిచాడు.

"మీ సైటులో మాటలు తక్కువున్నాయి మేడం. గూగుల్‌కి మాటలు దట్టించాలి."

దట్టించాడు. 'మండపేట పరుపులు, మండపేటలో పరుపులు, మంచి మండపేట పరుపులు, పరుపులంటే మండపేట' అని మూడు వందల సార్లు. కొన్ని తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో రాశాడు, మనుషులకు కనపడకుండా యంత్రానికి మాత్రమే కనపడాలని. యంత్రాన్ని మోసం చేస్తున్నానని అతని ధీమా. ఆ ఎత్తు ఎప్పుడో పాతబడిపోయిందని, అలాంటివాటిని పట్టుకుని వెనక్కి తోసేస్తారని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ? పైగా జుట్టు రాలడం ఆపే నూనెల సైట్ల నుంచి, చేపల గేలాల సైట్ల నుంచి నాకు దారులు, అదే లింకులు, వేయించాడు. ఎవరో పెద్దమనుషులు మీ ఇంటి పేరు చెబితే పరువు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వంద మంది చెబితే పోలీసులొస్తారు.

నూకరత్నం గారు ఆ పేజీ చదివి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇదేంటే హారికా, సన్నిపాతం వచ్చినోడు పలవరించినట్టుంది? ఇది చదివినోడు మనకి పిచ్చనుకోడూ?"

"రెండు నెలలు ఆగండి మేడం. పైకి లేస్తుంది" అన్నాడు ప్రసన్నకుమార్. రెండు నెలల తర్వాత అతనే లేచిపోయాడు.

అది ఆశ్వయుజం. హారిక దసరా సెలవుల్లో నన్ను ముందేసుకుని కూర్చుంది. వెతికే యంత్రం వాళ్లు సైటు యజమానుల కోసం ఉచితంగా ఒక కిటికీ పెట్టారని ఎక్కడో చదివిందట. ఆ కిటికీ తెరిచి నా పేరు అడిగింది. జవాబు చదివి ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది.

"అమ్మా, మనల్ని చూపించొద్దని మనమే చెప్పామంట."

"మనం ఎప్పుడు చెప్పామే?"

"మూఢమని దాయించావు చూడు, అప్పుడు."

"మూఢం వెళ్లి ఏడు నెలలయింది కదే!"

"ఆ సంగతి దానికి ఎవరు చెప్పారమ్మా?"

నూకరత్నం గారు పరుపు మీద కూలబడ్డారు. హారిక టిక్కు తీసింది. నా జన్మలో నాకు గాలి తగిలింది అప్పుడే.

తర్వాత ఆ పిల్ల నన్ను ఇల్లు సర్దినట్టు సర్దింది. నుదుటిన 'హోమ్' చెరిపి 'బూరుగు దూది పరుపులు, మండపేట' అని రాసింది. మూడు వందల పలవరింతలూ ఊడ్చేసింది. ఫోటోలకు పేర్లుగా ఉన్న నంబర్లు తీసి, దేనిలో ఏముందో ఆ పేరే పెట్టింది. మామగారి ఫోటో దగ్గరకు వచ్చేసరికి నూకరత్నం గారు అడ్డుపడ్డారు.

"మీ తాతగారిని కోసేత్తున్నావేంటే?"

"కొయ్యట్లేదమ్మా. బరువు తగ్గిస్తున్నా."

"పోయినోళ్లకి బరువేంటే?"

ఏమైతేనేం, తాతగారు తేలికయ్యారు. నా తలుపు టక్కున తెరుచుకుంటోంది. కానీ లోపల ఏం రాయాలి? 'నాణ్యతకు మారుపేరు' అని అందరూ రాసేదే. హారిక పెన్ను కొరుకుతూ కూర్చుంది. ఆ పూటే వీధిలో ఎవరో అమ్మాయి చంటిబిడ్డకు దిండు కావాలని కొట్టుకు వచ్చింది.

"ఎన్నో నెలమ్మా? అయిదా? అయ్యబాబోయ్, దిండు వద్దు. ఏడాది నిండేదాకా అసలు పెట్టకూడదు. ముక్కుకి అడ్డం పడితే? నువ్వు వంటింట్లో ఉంటావు, ఎవరు చూత్తారు?" అని నూకరత్నం గారు వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేశారు.

హారికకు దారి దొరికింది. జనం వెతికే పెట్టెలో రాసేవి ముప్పాతిక భయాలే కదా! పరుపులో పురుగు పడుతుందా, దూది నుసికి ఆయాసం వస్తుందా, వానాకాలం తేమకు ఏం చేయాలి? ప్రతి భయానికీ వాళ్లమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, అడిగినవాళ్లకంటే ముందే ఆవిడ భయపడి ఉన్నారు కాబట్టి. వారం రోజులు అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ప్రశ్న కింద ప్రశ్నగా నాలో రాసింది. చంటిబిడ్డకు దిండు వద్దన్న మాట అన్నిటికంటే పైన పెట్టింది.

సాలీడు మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి తీరిగ్గా చదువుకుని వెళ్లింది. వెళ్లి నన్ను జవాబుల జాబితాలో ఆరో పేజీలో కూర్చోబెట్టింది. కార్తీకం వెళ్లేసరికి నాలుగో పేజీ. పుష్యంలో రెండో పేజీ. ఒక్క రాత్రిలో లేపుతానన్నవాడిని నమ్మకండి, ఇది కాయ పండినట్టే జరుగుతుంది. కానీ మా గడువు కాయ పండేదాకా ఆగేలా లేదు. నా గుండె, ఉంటే, ఆగిపోయేదే.

ఫాల్గుణం వచ్చింది. దశమికి రెండు రోజుల ముందు సత్తిరాజు గారు కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని వచ్చారు. "ఏమీ అనుకోకమ్మా, మాట అనుకున్నాం కదా" అంటూ గోడ దగ్గర వంగారు. అప్పుడే నూకరత్నం గారి ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఓటీపీ నేను చెప్పను బాబూ!" అన్నారు ఆవిడ, ఎత్తగానే.

అవతల ఎవరో ముసలాయన నవ్వు. "ఓటీపీ కాదమ్మా, పరుపులు కావాలి. జంగారెడ్డిగూడెం నుంచి. మా మనవడికి దిండు కోసం మా కోడలు ఫోనులో వెతికితే మీ రాత కనపడింది. దిండ్లు అమ్ముకునేవాళ్లే వద్దని రాశారు. అలాంటోళ్ల దగ్గరే కొందామని మా ఇంటిది పట్టుబట్టింది. మాకు రెండు, మా వియ్యంకుడికి రెండు."

నూకరత్నం గారు ఫోను చెవికి ఆనించుకునే సత్తిరాజు గారి వైపు తిరిగారు. "అన్నయ్య గారూ, ఆ టేపు చుట్టేయండి."

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు ఆ ముసలాయన కోడలు వెతికినట్టే వెతికారు. 'చంటిబిడ్డకు దూది దిండు పెట్టవచ్చా' అని కొడితే మొట్టమొదట నేనే. హారిక చప్పట్లు కొట్టింది. నూకరత్నం గారు అదిరిపడ్డారు.

"మొదట్లోనా? అయ్యబాబోయ్, లోకం కళ్లన్నీ మన మీదే పడతాయి. రెండోదానికి దించెయ్యమ్మా."

"అది మన చేతుల్లో లేదమ్మా."

"ఎక్కడానికి అన్ని తిప్పలు పడ్డావు, దిగడానికి చేతకాదా?"

చేతకాదు మరి. కానీ తల్లి కంగారుకు ఏదో ఒకటి చేయాలి కదా. అందుకని, మీరెప్పుడైనా నా దగ్గరకు వస్తే, అడుగున కుడివైపు మూల ఒక నల్లచుక్క కనిపిస్తుంది. ఫోను అద్దం మీద మరకనుకుని చాలామంది చీరచెంగుతో, చొక్కా అంచుతో తుడుస్తుంటారు. తుడవకండి, అది పోదు. దాన్ని నూకరత్నం గారు తన చూపుడువేలితో మౌసు నొక్కి స్వయంగా పెట్టారు. పైన కూర్చున్నదాన్ని కదా, నాకు కూడా అదే కాస్త ధైర్యం.