మా అవ్వ సీరియస్ కాదు

మా కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు తల్లులు ఏడాది పొడుగునా సీరియసే. దసర దగ్గరవడ్డదంటే ఇంకింత సీరియస్. మస్కట్ల, దోహల పని చేసే కొడుకులకు అడిగినప్పుడల్ల లీవు ఇస్తరా? ఇయ్యరు. ఇంటి కాడి నుంచి "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని పోవాలె, గప్పుడు ఇస్తరు. కొడుకు దిగుతడు. సీరియస్ ఉన్న తల్లి మటన్ వండిపెట్టి, పట్టుచీర కట్టుకొని బతుకమ్మ ఆడనీకి పోతది. గిండ్ల తప్పేమన్న ఉన్నదని ఎవ్వరికీ అనిపియ్యది. టెలిగ్రాం తార్లు కొట్టే కాలం నుంచి నడుస్తున్న రివాజు గది.

గని మా అవ్వ, నన్ను కన్నతల్లి, నిజంగనే మంచాన పడ్డది.

మా అవ్వ పేరు కొమురవ్వ, ఉండేది కథలాపూర్ల. కడుపుల నొప్పి, కడుపుల నొప్పి అని నెల దినాలు వాము నమిలి ఊకున్నది. ఇగ లేవరాకుంటయినంక నేను కోరుట్ల నుంచి పోయి ఆటోల ఏస్కొని జగిత్యాల దవాఖానల చేర్పించిన. కడుపుల గడ్డ ఉన్నది, వారం లోపట ఆపరేషన్ చెయ్యాలె, పగిలితె మా చేతుల ఉండదు అన్నడు డాక్టరు. నేను సరే అన్న. అవ్వ వద్దన్నది.

"నరేశ్‌ను పిలువు. వాడు వచ్చినంకనే నా మీద కత్తి పెట్టాలె. అప్పటిదాంక చస్తె చస్త."

నాకు ఎక్కడ కాలాల్నో గక్కడ కాలింది. పక్కల కూసున్నది నేను. ముడ్డి కడిగేది నేను. నా కుట్టు మిషన్ బంద్ పెట్టుకొని, దసర బ్లౌజులన్ని మూటగట్టి పక్కకేసి వచ్చింది నేను. మా ఆయన పోయి ఆరేండ్లాయె, ఆ మిషన్ మీదనే బతుకుతున్న నేను. అయినా ఆమెకు కొడుకు గావాలె! నాలుగేండ్ల నుంచి మొకం చూపియ్యని కొడుకు!

"నేను మనిషి లెక్క కనిపిస్తలేనా నీకు?" అన్న.

"నువ్వు ఊకో," అని గోడ దిక్కు మల్లి పండుకున్నది.

మస్కట్ల కరెంటు పని చేసే నా తమ్మునికి, గదే నరేశ్‌కు, ఫోన్ కొట్టిన. వాడు ఫోన్లనే ఏడ్చిండు. "అక్కా, నేను గీ గడియల్నే బయలెల్లుత. గని ఆఫీసోళ్లు నా ఫోన్ల ఏం చూపెట్టినా నమ్ముతలేరు. మనోళ్లు దొంగ కాయితాలు చూపెట్టి చూపెట్టి కరాబ్ చేసిన్రు. దవాఖాన కాయితం పెట్టి ఇంటోళ్లే ఆఫీసుకు మెయిల్ కొట్టాలెనట," అన్నడు.

గింతేనా, మెయిలే గద, అనుకున్న. అవ్వను పక్క బెడ్డామెకు అప్పజెప్పి కోరుట్ల బస్సెక్కిన.

కోరుట్ల బస్టాండు వెనుక జాఫర్ నెట్ సెంటర్ ఉన్నది. మా దిక్కు ఏ మెయిలైనా జాఫర్ చేతుల నుంచే పోవాలె. నేను కుర్సీల కూసునుడే ఆలస్యం, "మదర్ సీరియసా అక్కా?" అన్నడు.

"అవు తమ్మీ. నిజంగ సీరియస్."

"అందరియీ నిజమే అక్కా," అని కంప్యూటర్ల ఒక చిట్టీ తీసిండు. ఇంగ్లీషుల తయారుగ ఉన్నది. పేరు, పాస్‌పోర్టు నంబరు నింపితె చాలు. వాళ్ల నాయిన తార్లు రాసే కాలంల ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్‌తోని రాయించిండట. "మా తల్లి ఆఖరి ఘడియల ఉన్నది, ఒక్కగానొక్క కొడుకును కలవరిస్తున్నది, అతను తప్ప ఆమెను చూసుకునేటోళ్లు ఎవ్వరూ లేరు" అని దాని మతలబు చదివి చెప్పిండు.

"ఎవ్వరూ లేరా? మరి నేనెవర్ని?"

"అక్కా, గిది హస్తవాసి ఉన్న చిట్టీ. గీ చిట్టీ మీద ఎంతమంది దిగిన్రో తెలుసా? దీన్ని ముట్టుకోవద్దు."

సరే అన్న. కొట్టిండు. చాయ్ తాగేలోపట మెయిల్ వాపస్ వచ్చింది.

"ఎవరు పంపిన్రు వాపస్?"

"మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్ అక్కా."

"వాడెవడు? వాని నంబర్ ఇయ్యి, నేను మాట్లాడుత."

"మనిషి కాదక్కా, మిషన్. ఇది స్పామ్ లెక్క ఉన్నది, నేను తీసుకోను అని చెప్తున్నది."

"స్పామ్ అంటె?"

జాఫర్ గొంతు సవరించుకున్నడు. "అంటె... చెత్త అక్కా."

మా అవ్వ పాణం చెత్తనా! ఆ మిషన్ ఎదురుంగ ఉంటె ఏం చేస్తుంటినో నాకే తెల్వది. జాఫర్ మాత్రం డాక్టర్ నాడి పట్టినట్టు ఒక్కొక్కటి చూసుకుంట వచ్చిండు. అడ్రసు అక్షరం అక్షరం సరి చూసిండు, మంచిగనే ఉన్నది. దవాఖాన కాయితం బరువైందేమో అని చిన్నగ చేసిండు, వాపస్. మల్ల కొట్టిండు, వాపస్. ఎడతెగకుంట కొడితె మిషన్‌కు ఇంకింత అనుమానం వస్తదట, గది కొట్టినంక చెప్పిండు. నా పేరు మీద కొత్త ఐడీ తెరిచి కొట్టిండు. కొత్త ఐడీ అంటె కొత్తగ వచ్చిన దొంగ అనుకుంటదట, వాపస్. ఆఖరికి బాగ ఆలోచన చేసి, "సీరియస్" ఉన్న కాడ "వెరీ సీరియస్" అని రాసిండు.

వెరీ సీరియస్ అయితె అన్నిటి కన్న జల్ది వాపస్ వచ్చింది.

"పేరున్న ఆఫీసు ఐడీ నుంచి పోతె తీసుకుంటదేమో అక్కా," అన్నడు. నాకు సిరిసిల్లల మా చిన్నమ్మ కొడుకు జగదీశ్ యాదికొచ్చిండు. మరమగ్గాల బట్ట అమ్మే పెద్ద షావుకారు ఆఫీసుల లెక్కలు రాస్తడు. ఫోన్ల చెప్తె "చేస్త అక్కా, చేస్త" అంటడు, చెయ్యడు. ఎదురుంగ కూసుంటెనే పని అయితది. తెల్లారి సిరిసిల్ల పోయిన.

జగదీశ్ మంచిగనే కూసోబెట్టిండు, చాయ్ తెప్పించిండు. "చిట్టీ నా దగ్గర ఉన్నదక్కా, మా బామ్మర్దికి గిదే కొట్టిన, ఫస్ట్ క్లాసుగ ఉంటది," అని తెరిచిండు. వాడు చదివి చెప్పుతుంటె నా చెవులు గుయ్యిమన్నయ్. ఆఖరి ఘడియలు. ఒక్కగానొక్క కొడుకు. చూసుకునేటోళ్లు ఎవ్వరూ లేరు. అచ్చంగ జాఫర్ చిట్టీ! కోరుట్ల నుంచి మెట్‌పల్లికి, మెట్‌పల్లి నుంచి సిరిసిల్లకు, అక్కడి నుంచి ముస్తాబాద్‌కు గూడ పాకిందట గా హెడ్మాస్టర్ చిట్టీ. మా జిల్లాల తల్లులందరు ఒక్క తీరుగ, ఒక్క మాట తప్పకుంట సీరియస్ అయిన్రు.

అయినా జగదీశ్ కొట్టిండు. అది వాపస్ వచ్చుడూ, నరేశ్ ఫోన్ చేసుడూ ఒక్కసారే అయినయ్.

"అక్కా, ఆఫీసు క్లర్కును అడిగిన. గా చిట్టీని చూసి చూసి విసుగొచ్చి, వచ్చిన ప్రతిసారి చెత్త అని గుర్తు పెట్టుకుంట పోయిన్రట. ఇప్పుడు మిషన్ నేర్చుకున్నది. గా మాటలు కనవడితె ఎవరు పంపినా తన్ని తగిలేస్తది. మేనేజరు మంచోడే, మెయిల్ చేతికొస్తె లీవు ఇస్త అంటుండు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యలేదన్నట్టు ఉన్నది మా కత. అబద్ధపు తల్లులందరు బతుకమ్మలాడిన్రు, నిజం తల్లి కాడికి వచ్చేవరకు తలుపు మూసిన్రు. మా అవ్వను ఎందుకు తిట్టాలె, జాఫర్‌ను ఎందుకు తిట్టాలె, గా చచ్చిపోయిన హెడ్మాస్టర్‌ను బస్సుల జగిత్యాల దాంక తిట్టుకుంట వచ్చిన.

దవాఖానల డాక్టరు నా మీద ఎగిరిండు. ఇగ ఆగేది లేదు, రెండు మూడు రోజులల్ల చెయ్యకుంటె నేను బాధ్యుణ్ని కాను అన్నడు. అవ్వ మళ్ల గదే మాట. "నరేశ్ రావాలె."

జాఫర్‌కు ఫోన్ చేసిన. పాపం, దుకాణం బంద్ పెట్టి బండి మీద జగిత్యాల వచ్చిండు. తన చిట్టీ చెత్తల పడ్డదని తనకు గూడ చిన్నతనం అనిపించినట్టున్నది. "అక్కా, గా చిట్టీ వద్దు. ఎవ్వరూ రాయని మాటలు గావాలె. అమ్మనే చెప్పమను, తెలుగుల. ఫోన్ వింటది, విన్నది విన్నట్టు రాస్తది. మిషన్‌కు తెలుగు చిట్టీ కొత్త."

"అక్కడ చదివేదెవరు తెలుగు?"

"ఉండరా? మనోళ్లు లేని కంపెనీ ఉన్నదా?"

మాట నిజమే. అక్కడ స్టోర్ల మెట్‌పల్లి గంగారాం ఉంటడని నరేశ్ చెప్తుండె.

అవ్వ చేతులకు సూదులు ఉన్నయ్, ఫోన్ పట్టుకోరాదు. నేనే ఆమె మూతి కాడ పట్టిన. జాఫర్ ఏదో నొక్కి, "ఇగ అమ్మ ఒక్కతే మాట్లాడాలె. నడుమల ఎవరు నోరు తెరిచినా గది గూడ పడ్తది," అన్నడు.

అవ్వ ఫోన్ దిక్కు చూసి కొంగు సదురుకున్నది.

"సారూ, దండం. నేను కొమురవ్వను. మీ దగ్గర కరెంటు పని చేసే నరేశ్ తల్లిని. నేను సీరియస్ కాదు. పొద్దుగాల ఇడ్లీ తిన్న. చట్నీల ఉప్పు లేకుండె."

"ఓ అవ్వా! చట్నీ సంగతి ఎందుకే సారుకు?" అన్న.

గది గూడ టప్పున తెర మీద పడ్డది. జాఫర్ మూతి మీద వేలు పెట్టుకొని నా దిక్కు గుడ్లురిమిండు.

"గిది నా బిడ్డ రాణి, సారూ. గిట్లనే మీదికొస్తది. నోరు మంచిది కాదు గని మనసు మంచిది. నాకు కడుపుల గడ్డ ఉన్నదట. కోస్తరట. కోస్తె కోయని, నాకేం భయం లేదు. నా వయసుకు బతికిందే ఎక్కువ. కొడుకు ఎందుకంటె, నాకు కాదు సారూ. నా బిడ్డకు."

నేను నోరు తెరిచిన. జాఫర్ చెయ్యి అడ్డం పెట్టిండు.

"దీని పెనిమిటి పోయిన్నాడు గిసొంటి దవాఖానల్నే ఇది ఒక్కతే నిలవడ్డది. డాక్టరు వచ్చి ఆయన లేడమ్మా అంటె పట్టుకునేటందుకు పక్కల ఒక్క మనిషి లేడు. నాకు ఆటో దొరికి నేను వచ్చేటాళ్లకు అంత అయిపోయింది. గప్పటి సంది ఇది ఏడ్వలే సారూ. తిడుతది. నన్ను తిడుతది, గిరాకీకి వచ్చినోళ్లను తిడుతది, దేవుని గూడ తిడుతది. ఏడ్సుడు మాత్రం లేదు. రేపు నన్ను లోపటికి తీస్కపోయినంక నాకేమన్న అయితె, మళ్ల ఇది ఒక్కతే నిలవడాలె. గది నేను ఓర్వలేను. నాకు కొడుకును చూడాలని లేదా అంటె ఉన్నది, కన్నకడుపు గద. గని పంపియ్యాల్సింది నా కోసం కాదు. గీ పొల్ల పక్కన నిలవడనీకి. నేను మంచిగైనంక నేనే మళ్ల బస్సెక్కిస్త. దండం సారూ."

నా కండ్లల్ల మంట. నోరు ముయ్యవే ముసల్దానా అనాలె, ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదే అనాలె. అంటె పడ్తది. పండ్లు కర్సుకొని ఫోన్ పట్టుకున్న. పుట్టి బుద్ధెరిగి గంత సేపు నోరు మూసుకున్నది లేదు.

"అయిపోయింది బిడ్డా. ఇగ నువ్వు మాట్లాడొచ్చు," అన్నది అవ్వ. చిట్టీ కింద గది గూడ పడ్డది.

నేను ఫోన్ జాఫర్ చేతుల పెట్టి, అవ్వ కాళ్ల మీద దుప్పటి సదిరిన.

జాఫర్ ఏదీ తీసెయ్యకుంట, చట్నీ తోని సహా, దవాఖాన కాయితం పెట్టి కొట్టిండు. ముగ్గురం ఫోన్ దిక్కే చూసుకుంట కూసున్నం. సబ్‌సిస్టమ్ రాలే. గుక్కెడు నీళ్లు తాగినం, రాలే. నర్సు వచ్చి సూది ఇచ్చి పోయింది, అయినా రాలే. వేల తల్లుల చిట్టీలు చూసిన మిషన్ గదే. బిడ్డ ఉన్న చిట్టీ మాత్రం దానికి ఎన్నడు రాలేదేమో.

జాఫర్ లేసుకుంట మెల్లగ, "అక్కా, గీ చిట్టీ దాసిపెట్టుకుంట. పేర్లు మార్చుకుంట అందరికీ..." అన్నడు.

"దాసినవంటె చెప్పు తెగేదాంక కొడుత," అన్న. నాకు నోరు మళ్ల వచ్చిందని అవ్వ సంబురపడ్డది.

తెల్లారి నరేశ్ ఫోన్. మెట్‌పల్లి గంగారాం చదివి హిందీల చెప్పుకుంట పోయిండట. ఉప్పు లేని చట్నీ కాడ మేనేజరు నవ్విండట, తర్వాత నవ్వలేదట. ఆఖరుకు ఒక్కటే అడిగిండట, "నీకు అక్క ఉన్నదని ఎప్పుడన్న చెప్పినవా మాకు?" అని. లీవు కాయితం మీద కారణం రాసే కాడ "మదర్" అని లేదట. "సిస్టర్" అని ఉన్నదట.

నరేశ్ దిగిండు. సూట్‌కేసు తోని సీదా దవాఖానకే వచ్చిండు. అవ్వ వాని మొకం రెండు చేతులల్ల పట్టుకొని కడుపునిండ చూసి, "బక్కగైనవు బిడ్డా," అన్నది. గంతే. "పో, అక్క కాడ కూసో," అని డాక్టర్ దిక్కు తిరిగి, "ఇగ కొయ్యుండ్రి," అన్నది.

లోపటికి తీస్కపోయిన్రు. మేమిద్దరం బయట బల్ల మీద కూసున్నం. నాకు తోడు ఉండనీకి సముద్రం దాటి వచ్చినోడు, ప్రయాణం బడలికకు నా భుజం మీద తల పెట్టి గురక పెట్టిండు. కంపెనీ పంపిన తోడు గిదీ అని నాలో నేనే తిట్టుకున్న. గని భుజం మాత్రం కదిలియ్యలే.

తలుపు తెరుసుకొని నర్సు వచ్చింది. "కొమురవ్వ మనుషులెవరు?" అన్నది. నరేశ్ ఉలిక్కిపడి లేసిండు, నేను లేసిన. లేస్తుంటెనే వాడు నా రెక్క పట్టుకున్నడు.

"గడ్డ తీసేసిన్రు. మంచిగున్నది," అన్నది నర్సు.

ఇగ నా నుంచి కాలే. బోరుమని ఏడ్చిన. వార్డుల రోగులు లేసి చూసేటట్టు ఏడ్చిన. నర్సు గాబరపడి, "అయ్యో, మంచిగున్నది అంటుంటి గదమ్మా, ఎందుకు ఏడుస్తున్నవ్?" అన్నది.

నరేశ్ నా రెక్క ఇడువలే. "ఏడ్వనియ్యుండ్రి సిస్టరమ్మా," అన్నడు. "గా ఏడుపు మా అవ్వ కోసం కాదు. మా బావ కోసం."