నీటెలుక, నీటి పురుగు

మ్యూజియం వెనక గదిలో బావకూ మరదలికీ రోజూ ఇదే గొడవ. బావ పురుగుల మనిషి. మరదలు చచ్చిన జంతువుల తోలు ఒలిచి, లోపల దూది కూరి, బతికున్నట్టే నిలబెడుతుంది.

"రెక్కల కింద గాలి దాచుకుని మునుగుతుంది నా నీటి పెంకుపురుగు. దాని ముందు నీ ఎలుక ఏపాటిది?" అన్నాడు బావ. అంతరించిపోతున్న ఆ పురుగు కోసం అతను మూడేళ్లుగా వాగులన్నీ గాలించాడు. ఒక్కటీ కంటపడలేదు. దాని పక్కన పెట్టాల్సిన చీటీ మాత్రం, తన పేరుకు చోటు వదిలి, ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు.

"ఇది ఇళ్లలో తిరిగే ఎలుక కాదు బావా. దీన్ని చూసినవాళ్లే తక్కువ. నీటి అడుగున మీసాలతో తడుముకుంటూ వేటాడుతుంది," అంటూ మరదలు, వాగులో వేసిన చేపల వలలో చిక్కి చచ్చిన ఆ నీటెలుక పొట్ట కోసింది. బావ మొహం తిప్పుకున్నాడు. నెత్తురంటే అతనికి పడదు.

"బావా, నీ పురుగు రెక్క పెంకు మీద గీతలెన్ని?"

"మూడు. మధ్యది వంకర."

ఆమె గాజు గిన్నె అతని ముందుకు జరిపింది. పొట్టలోంచి తీసిన రెక్క పెంకు తళతళలాడుతోంది. మూడు పసుపు గీతలు, మధ్యది వంకర.

బావ గిన్నె మీదికి వంగాడు. పురుగు ఇంకా ఆ వాగులో బతికే ఉంది. మూడేళ్లు నానా తిప్పలు పడినా తనకు దొరకనిది ఈ ఎలుకకు ఒక పూట భోజనంలో దొరికింది.

నెత్తురు సంగతే మరిచి ఎలుక తల నిమిరాడు. చీటీ తీసి, 'సేకరించినవారు' అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాశాడు: నీటెలుక గారు.