అన్నయ్య మొహం కనపడనంత ఎత్తు

మా ఆయనకి వాళ్ళన్నయ్య మొహం చూస్తూ కాదనడం చేతకాదు. ఫోన్లో అయితే అనగలరు. మేడ మీద మా గదిలో, నా ముందు, మహా ధైర్యంగా అనగలరు. ఎదురుగా ఆ మొహం కనిపించిందా, ఇక మెడ దానంతటదే కిందికీ పైకీ ఊగుతుంది. పండగ ఇంకో వారం ఉందనగా ఒకరోజు నా పక్కన చేరి, "ఈసారి భోజనాల బల్ల మీద పువ్వులు కాస్త ఎత్తుగా పెట్టు" అన్నారు.

"ఎంత ఎత్తు?" అన్నాను.

"అన్నయ్య మొహం కనపడనంత."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకి ఈ మహానుభావుడికి ఒక ఉపాయం తట్టింది, అదీ పువ్వుల చాటునుంచి మాట్లాడటం. వేరే దారి లేదు కనుక సరేనన్నాను.

మేం ఉండేది బావగారింట్లో, పైన ఒక గదిలో. మా ఆయన పనిచేసేది బావగారి రంగుల షాపులో. బావగారు చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే మమ్మల్ని ఏవో ఆరళ్ళు పెట్టారనుకుంటారు. చెడ్డవారైతే ఎంత బాగుండేది, ఎప్పుడో పెట్టె సర్దుకునేదాన్ని. తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనెత్తుకుని పెంచారు, ఇంకా దింపలేదు, అంతే. మా సబ్బు ఆయనే తెస్తారు. మా పళ్ళకి ఏ పేస్టు పడుతుందో ఆయనే చెబుతారు. నా గదిలో గోడకి ఒక మేకు కొట్టాలన్నా ఆయన్నే అడగాలి. అడిగితే కాదనరు పాపం, స్వయంగా సుత్తి పట్టుకుని పైకొచ్చి, నేను చూపించిన చోట కాక తనకి నచ్చిన చోట కొట్టి వెళతారు. మా తలుపు గడియ ఊడిపోయి చాలా కాలమైంది. బాగుచేయించమంటే "మన ఇంట్లో మనకి గడియలెందుకమ్మా" అన్నారు. మెట్ల కింద నిలబడి "తమ్ముడూ" అని ఒక్క కేక వేస్తే చాలు, మా ఆయన నాతో అంటున్న మాట సగంలో వదిలేసి దిగిపోతారు. ఆ మిగతా సగం నేనెప్పుడూ వినలేదు.

ఓపిక పట్టీ పట్టీ నేనే ఊరంతా తిరిగి ఇల్లు వెతికాను. టైలరు కొట్టు పైన రెండు గదులు, చిన్న వంటిల్లు. ఇంటావిడ మంచి మనిషి, పండగ సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానంది, ఆ తర్వాత మాత్రం తన వల్ల కాదంది. మా ఆయనకీ ఇల్లు తెగ నచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, ఇక్కడ కుర్చీ వేసుకుందాం, అక్కడ మంచం వేసుకుందాం అని ఒకటే సంబరం. ఇక మిగిలింది బావగారికి చెప్పడం. అది మా ఆయనే చెప్పాలి. నేను నోరు విప్పితే, అన్నదమ్ముల్ని విడదీసిందన్న పేరు నేను చచ్చేదాకా నన్ను వదలదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పండగనాడు అన్నయ్య మనసు బాగుంటుంది, భోజనాల దగ్గర చెప్పేస్తానని మాటిచ్చారు.

ఏటా పండగ భోజనానికి షాపు గుమాస్తా, ఆయన భార్య వస్తారు. వాళ్ళ ముందు బల్ల కళకళలాడిపోవాలి, ఖర్చు మాత్రం కాకూడదు. ఇది మా తోటికోడలి శాసనం. అక్కయ్యా అని పిలుస్తాను ఆవిణ్ణి. "సాయంత్రానికి వాడిపోయేవాటికి డబ్బు తగలేస్తామా" అంటుంది. నాకు పువ్వుల పిచ్చి కనక ఆ పని నా నెత్తినే పడుతుంది. మామూలుగా అయితే గాజు గ్లాసుల్లో పొట్టిగా పెడతాను. మోచెయ్యి బల్లకి ఆనించి, చెయ్యి నిటారుగా నిలబెట్టి గుప్పిట బిగిస్తే, పువ్వులు ఆ గుప్పిట దాటకూడదు. ఎదుటివాళ్ళ మొహాలు కనపడాలి, అదీ పద్ధతి. ఈసారి ఆ పద్ధతిని అటకెక్కించాను.

షాపు నుంచి ఖాళీ రంగు డబ్బా తెప్పించి, శుభ్రంగా తోమి, చుట్టూ గోనెపట్టా చుట్టి పురికొస కట్టాను. తూలి పడకుండా అడుగున గులకరాళ్ళు పోశాను. కోళ్ళగూటికి వేసే ఇనుప వల ముక్కని ఉండలా నలిపి డబ్బాలో కూరాను. దాని కన్నాల్లో కాడలు దూరిస్తే ఎలా నిలబెడితే అలా నిలబడతాయి. వీధి చివర ఖాళీ స్థలంలో మనిషెత్తు పెరిగిన రెల్లు కోసుకొచ్చాను. పక్కింటివాళ్ళు కంచె కత్తిరించి పారేసిన కొమ్మలు ఏరుకొచ్చాను. పువ్వుల కొట్టామె కాడలు విరిగి అమ్ముడుపోని గులాబీలూ చామంతులూ ఊరికే ఇచ్చింది. వాటి పొట్టి కాడల్ని కూల్‌డ్రింకు స్ట్రాలలో దూర్చి పొడుగు చేశాను. స్ట్రాలు ఆకుల వెనక దాగిపోయాయి.

పండగ ముందు రోజు, బావగారు షాపులో ఉండగా, అక్కయ్య బజారుకెళ్ళిన సమయం చూసి, మా ఆయన ఏదో వంక పెట్టి ఇంటికొచ్చారు. ఆయన్ని ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, నేను బావగారి కుర్చీలో కూర్చున్నాను.

"మీ నెత్తి కనిపిస్తోంది."

"వంగనా?"

"మీరు ఇప్పటికి వంగింది చాల్లెండి, కొమ్మలు పెంచుతాను."

ఇంకాసిని కొమ్మలు గుచ్చి, చెప్పమన్నాను.

"అన్నయ్యా," అని మొదలుపెట్టారు ఆకుల వెనకనుంచి. "మేమిద్దరం ఒక ఇల్లు చూసుకున్నాం. వచ్చే నెల నుంచి అక్కడుంటాం. షాపుకి రోజూ వస్తాను. నువ్వు కాదనకు."

తడబడలేదు, నీళ్ళు నమల్లేదు. ఎంత బాగా చెప్పారంటే, బావగారి కుర్చీలో కూర్చున్న నేను ఒప్పేసుకున్నాను. ఆ సాయంత్రమే నా గిన్నెలు పాత దుప్పట్లో మూటకట్టాను.

పండగనాడు బల్ల మీద డబ్బా చూసి అక్కయ్య బుగ్గలు నొక్కుకుంది. "ఇదేంటే, అడవిని మోసుకొచ్చావ్?" అంది. ఖర్చేమీ కాలేదన్నాక "బాగానే ఉందిలే" అంది. అందరూ కూర్చున్నారు. గుమాస్తా గారి ముక్కుకి రెల్లు తగిలి రెండుసార్లు తుమ్మారు. నేను వడ్డిస్తున్నానన్న మాటే గానీ, ఏ గిన్నెలో గరిటె ఏ గిన్నెలో పెడుతున్నానో నాకే తెలియలేదు.

భోజనం సగమయింది. మా ఆయన మంచినీళ్ళు తాగి, నా వైపు ఒకసారి చూసి, "అన్నయ్యా," అన్నారు. "మేమిద్దరం ఒక ఇల్లు..."

"ఎవర్రా అది, చెట్టు మాట్లాడుతోందా?" అన్నారు బావగారు.

గుమాస్తా గారు పగలబడి నవ్వారు. ఆయన భార్య నవ్వింది. మా ఆయనా నవ్వారు. బావగారు తమ్ముడి కోసం అటు వంగి, ఇటు వంగి, "పండగపూట నిన్ను చూడకుండా తినమంటావా ఏంటి? అది పక్కకి తీసి చెప్పు" అన్నారు.

గులకరాళ్ళతో అంత బరువైన డబ్బాని మా ఆయన స్వయంగా లేచి, రెండు చేతులా ఎత్తి, ఫ్రిజ్ మీద పెట్టి వచ్చారు. మళ్ళీ కూర్చుని అన్నయ్య మొహం చూశారు.

"ఇల్లు అంటున్నావు?"

"అదే అన్నయ్యా. ఇల్లు రంగు వెలిసిపోయింది కదా, వేయిద్దామా అని."

బావగారి కళ్ళు చెమర్చాయి. "చూశారా, ఇంటి గురించి వాడికెంత ధ్యాసో" అని గుమాస్తా గారితో అన్నారు. "వేయిద్దాంరా. పనిలో పనిగా పైన మీకు ఇంకో గది కూడా కట్టించేస్తాను. ఎన్నాళ్ళని ఇరుకులో ఉంటారు?"

"నీ ఇష్టం అన్నయ్యా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేరు వస్తే రానీ అనుకుని గరిటె కింద పెట్టాను. "బావగారూ, ఆయన చెప్పబోయింది అది కాదండీ" అన్నాను.

అందరి చేతులూ ఆగిపోయాయి. బావగారికి కోపమేమీ రాలేదు. చాలా మెత్తగా తమ్ముడి వైపు తిరిగి, "ఏంట్రా? ఏమన్నా ఉంటే నాతో చెప్పు" అన్నారు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదన్నయ్యా. మా గదికి తనకి నీలం రంగు కావాలట" అన్నారు.

"ఓస్, ఇంతేనా. నీలమే వేయిస్తానమ్మా, దానికింత మొహమాటం దేనికి?" అన్నారు బావగారు. నీలం రంగంటే నాకు అసలు పడదు. గరిటె తీసుకుని మిగతావాళ్ళకి కూర వడ్డించాను.

సాయంత్రం పైకొచ్చేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని, పరీక్ష రాసేసిన పిల్లాడిలా తేలిగ్గా ఉన్నారు.

"దాదాపు చెప్పేశాను కదా," అన్నారు. "నువ్వూ విన్నావు."

"విన్నాను."

"వచ్చే పండక్కి ఇంకాస్త ఎత్తు చెయ్యి. కదపడానికి వీల్లేనంత బరువుగా చెయ్యి. తప్పకుండా చెప్తాను, చూడు."

వేళాకోళమేమో అని మొహంలోకి చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అంటున్నారు. తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. అంతలో నా ఫోను మోగింది. ఇంటావిడ.

"ఏమ్మా, తాళం తీసి పెట్టనా?"

"వద్దండీ. ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

"అయ్యో, అంత ఇష్టపడ్డావు. మీ ఆయన ఒప్పుకోలేదా?"

ఏం చెబుతానోనని ఆయన నా వైపే చూస్తున్నారు.

"ఒప్పుకున్నారండీ," అన్నాను. "ఆయన అందరికీ ఒప్పుకుంటారు."