సర్వైకల్ అంటే మెడ

మునగాల పక్క ఊళ్లో బడి పిల్లలకు వండిపెట్టే దేవమ్మకు మరిది నరేష్ పేరెత్తితే ఒళ్ళుమంట. కోదాడలో సెల్‌ఫోన్ల షాపు పెట్టిన నాటి నుంచి వాడికి తెలియనిది లేదు. అలాంటివాడికి పెళ్ళాం ఒంటి పరీక్ష అప్పగించిన మొగుణ్ణి ఏమనాలి?

ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు నర్సు రాణి ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ గర్భసంచి మూతికి మందు అద్ది చూసింది. దేవమ్మకు తెల్లమచ్చ కనబడింది.

"భయపడకు అక్కా, క్యాన్సర్ అని కాదు. కాకముందటి మచ్చ కావచ్చు. పెద్ద దవాఖానల ఇంకో పరీక్ష చేపిస్తే తేలుతది. ఆలస్యం చెయ్యకు," అని చీటీ రాసిచ్చింది.

చీటీ మీద ఇంగ్లీషులో సర్వైకల్ పరీక్ష అని ఉంది. మొగుడు సైదులు దాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపాడు. అది ఎక్కడి పరీక్షో తమ్ముడితో అనడానికి సిగ్గేసి, ఇంకో ముక్క చెప్పలేదు.

నరేష్ మూడు ఊళ్లకు ఫోన్లు కొట్టి, షాపులో రెండు మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసినట్టే బేరీజు వేశాడు.

"సూర్యాపేటల డాక్టరమ్మ వారానికి ఒక్కరోజే ఉంటదట. మిర్యాలగూడల శాంపిల్ తీసి బయటికి పంపుతరట, పది రోజులు. శాంపిల్ ఎందుకు, దోచుకునేటందుకు కాకపోతే? కోదాడల గంటలనే రిపోర్ట్ చేతిల పెడతరు."

కోదాడలో మిషన్ దగ్గరున్న మనిషి పుస్తెలతాడు తీసి పక్కన పెట్టమన్నాడు, గడ్డం పైకెత్తమన్నాడు, అయిపోయిందన్నాడు. బట్టలు విప్పమనలేదు. దేవమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇదేం పరీక్ష అని తోచకపోలేదు గానీ, అడిగితే నిజంగానే విప్పమంటారేమోనని నోరు మూసుకుంది. ఆ తప్పు తనదే, ఒప్పుకుంటుంది.

రిపోర్టులో నార్మల్ అని ఉంది. సైదులు ఊరంతా ఏం లేదట అని చెప్పుకున్నాడు. నాలుగు నెలలు గడిచాయి.

బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలివ్వడానికి వచ్చిన రాణి, రిపోర్ట్ ఏదని అడిగింది. దేవమ్మ ఇంటికి పోయి తెచ్చింది. రాణి ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

"అక్కా, ఇది నీ మెడ."

ఆదివారం నరేష్ వస్తే దేవమ్మ కనీసం మంచినీళ్లు ఇయ్యలేదు. "సర్వైకల్ అంటే గర్భసంచి మూతి కూడానట. నువ్వు మెడ ఫోటో తీపిచ్చినవ్," అని ఫిల్ము వాడి ముందు పడేసింది.

"సర్వైకల్ అంటే మెడనే వదినె, లోకమంత గదే అంటరు," అన్నాడు వాడు, కాలు మీది కాలు దించకుండా. "మా మామకు సర్వైకల్ ఉన్నది, మెడకు పట్టీ ఏసుకుంటడు. నర్సు సరిగ్గ రాయకపోతే నాదా తప్పు? అయినా ఆ గర్భసంచి రోగం మంచోళ్లకు రాదట, పరాయి మొగోళ్లతోని తిరిగితేనే అంటుతదట. ఫోన్ల సూసిన."

సైదులు తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. "ఏందే, నిజమేనా?"

ఇరవై రెండేళ్ల కాపురం ఆ ఒక్క చూపుతో మంటగలిసింది.

"నేను ఒక్కనితోనే ఉన్న. నాకు అంటితే యాడికెళ్లి అంటిందో నువ్వే సెప్పాలె," అంది దేవమ్మ.

సైదులు వంగి ఫిల్మును కవర్లో పెట్టాడు. నరేష్ బండి తీసుకుని వెళ్లిపోయాడు.

తెల్లారి దేవమ్మ బడికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కింది. పడుకోబెట్టారు, చూశారు, శాంపిల్ తీశారు. సిగ్గు పడింది, పళ్ళు బిగబట్టుకుని ఓర్చుకుంది. పది రోజులకు మళ్లీ పోతే డాక్టరమ్మ రిపోర్ట్ చదివి చెప్పింది.

"వైరస్ ఉన్నదమ్మా. మచ్చ లోపలికి పాకింది. నాలుగు నెలల కింద వస్తే అప్పుడే కాల్చేసి పంపేదాన్నేమో. ఇప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపాలె. ఏందనేది అది వస్తేనే చెప్పగలను."

ఇంటికొచ్చి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు సైదులుకు చెప్పింది. అతను లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నరేష్‌కైతే సెప్పకే. వాని వల్లనే అని బాధపడతడు."

దేవమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. బల్ల మీద ఉన్న అతని ఫోను తీసి, మరిది నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది.

"అన్నా, సెప్పు," అన్నాడు నరేష్.

"అన్న కాదు, వదినెను. రిపోర్ట్ వచ్చింది, మంచిగ లేదు. నీకు సెప్పొద్దన్నడు మీ అన్న, బాధపడతవట. అందుకే సెప్తున్న. జర బాధపడు."