మూతలో ముక్క

మేడమ్ నోటుపుస్తకంలో ఊరికో పేజీ ఉంది. మంథని పేజీ నిండిపోయింది. బెల్లంపల్లి పేజీలో అంచుల మీద కూడా రాశారు. గోదావరిఖని పేజీలో మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాటినా ఊరి పేరు, దాని కింద రెండు గీతలు తప్ప ఏమీ లేవు.

ఆమె పేరు హైమవతి. రాజమండ్రి నుంచి వచ్చారు. ఏ ఊళ్లో జనం నిజంగా ఏం తింటారో తాను తిని చూసి పుస్తకం రాస్తున్నారు. కమాన్‌పూర్ దగ్గర మా ఊరి బడిలో నాకు చదువు చెప్పిన జగదీశ్వర్ సార్‌కు ఆమె తెలుసు. "మా సంతోషి గోదావరిఖనిలోనే వాళ్ల కాక ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది, అన్నీ చూపిస్తుంది" అని సార్ చెప్పేశారు. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదని సార్‌కు తెలుసు. తెలిసే పంపారని నా అనుమానం.

ఆ రోజు రెండో శనివారం, కాలేజీ లేదు. పోశం అన్న ఆటో ఎక్కాం. ఇక్కడివాళ్లు తినేది ఎక్కడ దొరుకుతుందని మేడమ్ అడిగారు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్" అని పోశం అన్న అరేబియన్ మండీ హోటల్ ముందు ఆపాడు.

"ఇది కాదు బాబూ, మీరు తినేది."

"నేను తినేది గిదే మేడమ్. మా పిల్లల బర్త్‌డేలన్నీ గీడనే."

తర్వాత రాయలసీమ పేరున్న హోటల్‌కు వెళ్లాం. దాని యజమాని నెల్లూరాయన. చివరికి చౌరస్తాలో నూడుల్స్ బండి ముందు ఆగాం. బండి అతను గరిటె గాల్లోకి ఎత్తి, "లోకల్ అంటె మనదే మేడమ్. మంచూరియాల కారం మా అవ్వ దంచింది" అన్నాడు. మేడమ్ కలం తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ మూత పెట్టేశారు.

సర్వపిండి, అంటే గిన్నెకు అద్ది కాల్చే బియ్యప్పిండి రొట్టె, ఆ మాట నా నోటి దాకా మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మింగేశాను. పొద్దున్నే కాక భార్య రమ చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గట్టిగా చెప్పింది: "మంచిగ నలుగురు తినేది చూపియ్యి బిడ్డా. మన పచ్చిపులుసు, గని సద్ది ముచ్చట తియ్యకు. ఇజ్జత్ పోతది."

గని సద్ది అంటే మా కాక సదానందం బొగ్గుగని డ్యూటీకి తీసుకెళ్లిన టిఫిన్ డబ్బాలో తిరిగి ఇంటికి వచ్చే తిండి. దాని గురించి తర్వాత రాస్తాను.

మూడింటికి మేడమ్‌ను కాక క్వార్టర్‌కు తీసుకొచ్చాను. చిన్నమ్మ బిర్యానీ పార్శిల్ తెప్పించి, కొత్త పళ్లెంలో వడ్డించి, పక్కన మూత తీయని కూల్‌డ్రింక్ సీసా పెట్టింది. మేడమ్ రెండు ముద్దలు తిని తల ఎత్తారు.

"చింతపండు, కాల్చిన మిరపకాయ వాసన వస్తోంది. ఏం చేశారండీ?"

చిన్నమ్మ వంటింటి పరదా జరిపేసింది. "ఏం లేదమ్మా. పిల్లికి."

"పిల్లికి పులుసా?"

"మా పిల్లికి గట్లనే అలవాటైంది."

మా ఇంట్లో పిల్లి లేదు. నేను బిర్యానీలోని లవంగం వైపు చూస్తూ కూర్చున్నాను.

రామగుండంలో మేడమ్ రైలు ఐదు గంటలకు. మూడున్నరకు ఆమె పుస్తకం తెరిచి, రాస్తూ పైకి చదివారు: "గోదావరిఖనికి తనదంటూ ప్రత్యేకమైన తిండి ఏదీ లేదు."

చిన్నమ్మ మర్యాదగా తలూపింది. నాకు మాత్రం ముఖం వేడెక్కింది. అచ్చులో పడితే ఆ మాట అట్లాగే ఉండిపోతుంది. రోజూ తినేవాళ్లం మేమే, లేదని తలూపేదీ మేమే.

అప్పుడే ఫస్ట్ షిఫ్టు దిగి కాక వచ్చాడు. డబ్బా గుమ్మంలో ఎవరు అందుకుంటే అందులోది వాళ్లదే. గని ఇళ్లన్నింట్లో పిల్లలకు ఇదే కానూను. నేను ఉరికి అందుకున్నాను. మూత తీశాను. మూతలో అరచేతంత సర్వపిండి ముక్క ఉంది. అంచులు ఎర్రగా కాలాయి, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు కనబడుతున్నాయి, మధ్యలో నూనె కోసం వేలితో పొడిచిన చిల్లు. పొద్దుటి నుంచి చల్లారి గట్టిపడింది. నాకు అట్లా ఉంటేనే ఇష్టం.

దాన్ని తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టాను.

"ఇది ఉంది మేడమ్" అన్నాను. ఆ రోజు ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఓ పిల్లా!" అని చిన్నమ్మ నెత్తి పట్టుకుంది.

"అయ్యో, గది గనిలకెళ్లి వచ్చింది మేడమ్" అని కాక చేతులు అడ్డం పెట్టాడు. అప్పటికే మేడమ్ కొరికారు. కరకరమన్నది. కళ్లు మూసుకుని నమిలారు.

"ఎంగిలి అనుకునేరు, కాదు" అని కాక గాభరాగా చెప్పసాగాడు. "కింద అందరం డబ్బాలు ఒక్క దగ్గర తెరుస్తం. ఎవ్వరు ముద్ద పెట్టకముందే పిల్లల ముక్క తీసి మూతల పెడ్తం. ఆ తర్వాతనే మేం తింటం."

"ఎంత బాగా చేశారండీ!" అని మేడమ్ చిన్నమ్మ వైపు తిరిగారు.

"మా ఇంటిది కాదు మేడమ్. గనిల నా జోడీ పనోడు మొగిలి, ఆయన భార్య పూలమ్మ చేసింది" అన్నాడు కాక.

"మరి మీ ఇంటిది?"

"రోజు మార్చుకుంటం, అది మొగిలి బిడ్డ తింటది."

మేడమ్ నవ్వుతూ పుస్తకం లాక్కుని, ఇందాకటి వాక్యం కొట్టేసి, పూలమ్మ పేరు రాసుకున్నారు. చిన్నమ్మ మెడ చాచి ఆ పేరు చదివింది. మళ్లీ చదివింది.

"పూలమ్మ పేరు పుస్తకంల ఎక్కుతదా?"

"ఎక్కుతుందండీ."

చిన్నమ్మ వంటింట్లోకి వెళ్లి, పచ్చిపులుసు గిన్నె, వేడి అన్నం తెచ్చి బిర్యానీ పళ్లెం పక్కకు నెట్టింది.

"ఇది పిల్లికన్నారు కదండీ?"

"దానికి ఇయ్యాల ఒక్కపొద్దు. మీరు తినుండ్రి."

తింటూ తింటూ మేడమ్ ఆగారు. "ఆ ముక్క రోజూ ఎవరు తింటారు?" కాక నా వైపు చూపించాడు. ఆమె మిగిలిన సగం నా చేతిలో పెట్టబోయారు.

"తినండి మేడమ్. నాకు సోమవారం వస్తుంది" అన్నాను. నిజానికి నోరూరుతోంది.

పోశం అన్న ఆటో ఎట్లా నడిపాడో కానీ రైలు అందింది. పేజీ నిండిపోయిందని, అంచుల్లో కూడా రాస్తున్నానని మేడమ్ దారిలోంచే ఫోన్ చేశారు.

సోమవారం పొద్దున చిన్నమ్మ నాలుగింటికే లేచి సర్వపిండి చేసింది. గిన్నె మాడ్చి, మళ్లీ చేసింది. డబ్బా కాక చేతికిస్తూ అంది:

"మొగిలి అన్నకు చెప్పు. గిది ఎవరు చేసిన్రో వాళ్ల బిడ్డను రాసి పెట్టుకొమ్మను."